విద్యార్థి వేతనము, తండ్రి పన్ను

తొలకరి వాన పడుటయు, పిల్లలకు కళాశాలలో చోటు దొరకుటయు మన పల్లెలలో ఇంచుమించుగ నొక్కసారియే సంభవించుచుండును. విత్తనములకు, ఎరువులకు, కూలికి సొమ్ము కావలసిన దినములలోనే కళాశాలవారి రుసుము చీటి యింటికి వచ్చును. తల్లాడనుండి కొత్తగూడెము పోవు దారిలో, పత్తి మిరప చేలకును అడవికిని నడుమనున్న ఏన్కూరు ప్రాంతమున నీ యిబ్బంది నెఱుగని గృహస్థులు అరుదు. మిరప యమ్మగా వచ్చిన రొక్కము వేసవిలోనే పాత యప్పులకు చెల్లిపోవును. అంతట తండ్రి, ప్రభుత్వమువారి ఉపకారవేతనము వచ్చునా యని విచారించును. ఉద్యోగస్థుడైన కొడుకో మేనమామయో, రుసుము తాను కట్టినచో పన్నులో నేమైన తగ్గునా యని విచారించును. ఇరువురు విచారించునది యొక్క రుసుమును గూర్చియే. కాని యిరువురి లెక్కలను ఒక్కచోట జేర్చి చూచుట యింటిలోను జరుగుటలేదు, ప్రభుత్వ కార్యాలయములందును జరుగుటలేదు. ఈ లోపమును గూర్చి నేడు మా పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

విద్యకు ప్రభుత్వమువారు చేయు సాయము రెండు మార్గములలో వచ్చుచున్నది. మొదటిది విద్యార్థి పేర వచ్చు వేతనము. దీనిని రాష్ట్రప్రభుత్వముయొక్క సంక్షేమశాఖలు నిర్వహించును. రెండవది తల్లిదండ్రుల పన్నులో చేయు మినహాయింపు. దీనిని కేంద్రప్రభుత్వముయొక్క ఆదాయపు పన్నుశాఖ చూచును. మొదటిదానికి ఆదాయము తక్కువయని నిరూపింపవలెను; రెండవదానికి ఆదాయమెక్కువై పన్ను చెల్లించుచుండవలెను. ఈ రెంటి నడుమ నున్న కుటుంబమునకు ఏదియు దక్కదు. రెంటికిని తగినవారు సైతము, ఎవరి పేర రసీదు, ఎవరి పేర అప్పు, ఎవరి ఖాతాకు జమ అను విషయములందు ముందుచూపు లేక నష్టపోవుచున్నారు.

సాయమును పంచుకొని చేయుట మన వారికి క్రొత్త కాదు. పూర్వము బీదవిద్యార్థులు వారములు చేసికొని చదువుకొనెడివారు. సోమవార మొకయింట, మంగళవార మొకయింట, ఇట్లు ఏడు ఇండ్లవారు ఏడు దినములను పంచుకొనిరి. ఒకనాడు రెండిండ్ల పిలుపు, మరునాడు పస్తు అను దుస్థితి లేకుండ గృహిణులే చూచుకొనెడివారు. ఆ యాచారము కొన్ని కులముల పిల్లలకే యుపయోగపడెననుట నిజము. కోయపల్లెలలోని బిడ్డకు, మాలమాదిగ వాడలలోని బిడ్డకు ఆ యేడు గడపలు తెఱచియుండలేదు. ఆ కొఱతను దీర్చుటకే ప్రభుత్వసాయము కావలసివచ్చెను. కాని సాయము చేయువారు ఒకరి లెక్క నొకరు ఎఱిగి చేయవలెనను ఆ గృహిణుల ధర్మము నేటి కార్యాలయములకు అబ్బలేదు.

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను దాటిన చదువునకై వేతన మొసగు పద్ధతి 1944లో ఆరంభమైనది. నాడు ఏన్కూరు నిజాము రాజ్యమునందును, అడవికావలనున్న భద్రాచలము ఇంగ్లీషువారి పాలనయందును ఉండెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము బలహీనవర్గముల విద్యాభివృద్ధిని ప్రభుత్వముల విధిగా 46వ అధికరణమున నిర్దేశించెను. 1953లో ఖమ్మము ప్రత్యేకజిల్లా అయ్యెను. 1956లో ఖమ్మమున దాత పేరు దాల్చిన శ్రీరామ భక్త గెంటేల నారాయణరావు కళాశాల వెలసెను. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము వృత్తివిద్యల రుసుమును తానే భరించు పథకమును ఆరంభించిన పిదప, పల్లెలనుండి ఇంజనీరింగు కళాశాలలకు బోవు పిల్లల సంఖ్య అపారముగ పెరిగినది. తొలితరము విద్యావంతు లెందఱో ఆ పథకము చలువనే పట్టము బడసిరి. దాని మేలును మేము తక్కువచేసి చెప్పుటలేదు. మేలు చేయవలసిన పథకము పూర్తిగ మేలు చేయలేకుండుటకు గల కారణములనే విచారించుచున్నాము.

మొదటి కారణము ఆదాయపు హద్దు. వెనుకబడిన తరగతులవారికిని, ఇతర తరగతుల పేదలకును కుటుంబాదాయము పల్లెలలో ఏటికి 1,50,000 రూపాయలు, పట్టణములలో 2,00,000 రూపాయలు మించరాదని నియమము. షెడ్యూల్డు కులములు, తెగలవారికి హద్దు దీనికంటె కొంత యెక్కువ. పాఠకులు ఒక చిన్నలెక్క వేసి చూడుడు. కూలికి బోవు దంపతులకు ఒక్కొక్కరికి దినమునకు 500 రూపాయలు ముట్టినచో, ఏటికి 150 దినములు పని దొరకిన చాలును, వారి యాదాయము 1,50,000 అగును. మఱియొక్కదినము ఇద్దరును పనికి బోయినచో హద్దు దాటుదురు! హద్దు దాటినవారికి సాయము క్రమముగ తగ్గుట కాదు, ఒక్కమారుగ మొత్తము పోవును. వేయి రూపాయల యధికాదాయము వేలకొలది రూపాయల వేతనమును హరించునట్టి నియమము న్యాయమందమా? అది సత్యము చెప్పినవానిని శిక్షించి, అసత్యము చెప్పినవానిని సత్కరించు నియమము.

ఇక పన్ను మినహాయింపుల సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 80సి అను సంఖ్యతో ప్రసిద్ధమైన నిబంధన ననుసరించి, ఇద్దరు బిడ్డలవఱకు ఈ దేశమున పూర్తికాలపు చదువునకై కట్టిన బోధనా రుసుమును తండ్రిగాని తల్లిగాని తన యాదాయమునుండి తీసివేసి పన్ను కట్టవచ్చును. భవిష్యనిధి, జీవితభీమా మున్నగువానితో గలిపి దీని గరిష్ఠము 1,50,000 రూపాయలు. విరాళములు, అభివృద్ధి రుసుములు, వసతిగృహపు ఖర్చులు ఇందు చేరవు. చదువు ఖర్చులకై వచ్చిన ఉపకారవేతనముపై విద్యార్థికి పన్ను లేదు. 2026 ఏప్రిల్ 1 మొదలు అమలు కావలసినదిగ 2025లో చేయబడిన క్రొత్తచట్టమున సంఖ్యలు మారినను ఈ నిబంధనల సారము మారలేదు.

చూచుటకు మంచి యేర్పాటే. కాని 2023–24 మొదలు సహజముగ వర్తించు నూతన పన్ను విధానమున నీ రుసుము మినహాయింపు లేదు. పాతవిధానమును కోరి యెన్నుకొన్నవారికే యది లభించును. 2025–26 మొదలు నూతన విధానమున 12 లక్షల రూపాయల యాదాయమువఱకు పన్నే లేకుండ రిబేటు ఇచ్చిరి. కావున పల్లెలోని చిన్న యుద్యోగికి రుసుము మినహాయింపు వలన కలుగు లాభము దాదాపు శూన్యము. వ్యవసాయాదాయము పన్నునకు లోబడనిదగుటచే, భూమినే నమ్ముకొన్న రైతునకు మినహాయింపను మాటయే యర్థరహితము. అనగా ఏటికి మూడు లక్షల జీతము గల గుమాస్తా రుసుము వాపసుకు ధనికుడు, పన్ను మినహాయింపునకు పేదవాడు! రెండు గుమ్మములయందును అతనికి తలుపు మూసియేయున్నది. ఇట్టి గుమాస్తాలు, చిన్న దుకాణదారులు, నాలుగైదు ఎకరముల రైతులు మన జిల్లాలో నెందఱో కలరు. వారి బిడ్డల చదువే నేడు అప్పుపై నడచుచున్నది.

మఱియొక విశేషము గమనింపదగియున్నది. మన కుటుంబములలో చదువు చెప్పించువాడు ఎల్లప్పుడును తండ్రియే కాడు. తండ్రి పొలము చూచుకొనగా, ఉద్యోగము చేయు పెద్దకొడుకు తమ్ముని రుసుము కట్టును. మేనమామ మేనకోడలిని చదివించును. పెదతండ్రి దిక్కులేని తమ్ముని బిడ్డలను సాకును. కాని చట్టము తన బిడ్డకు కట్టినవానినే గుర్తించును. తమ్మునికో మేనకోడలికో కట్టిన రుసుమునకు మినహాయింపు లేదు. మన కుటుంబధర్మమును గుర్తింపని చట్టము మన దేశపు చట్టమని యెట్లు చెప్పుకొందుము? విద్యార్థిని నిజముగ పోషించువాని పేరను, తగిన రుజువులతో మినహాయింపు నిచ్చుట యసాధ్యము కాదు.

పాతవిధానమున పన్ను కట్టువారికి ఆచరణలో నక్కఱకు వచ్చు నొకమాట. ఇంజనీరింగు చదువు వెనుకబడిన తరగతి విద్యార్థికి ప్రవేశపరీక్షలో 10,000 లోపు స్థానము రానిచో, రాష్ట్రప్రభుత్వ మేటికి 35,000 రూపాయలవఱకే భరించును. కళాశాల రుసుము లక్ష రూపాయలైనచో మిగిలిన 65,000 తల్లిదండ్రులే కట్టుకొనవలెను. అట్టి కుటుంబపు టాదాయము హద్దునకు లోబడినదేయగుటచే వారికి పన్ను ప్రసక్తి సాధారణముగ నుండదు. కాని స్వచ్ఛందసంస్థలయొక్కయు, కంపెనీలయొక్కయు వేతనములు ప్రతిభనుబట్టి వచ్చుచున్నవి. వానిని బడసినవారిలో పన్ను కట్టు తండ్రులును కలరు. అట్టివారు లక్షకు రసీదున్నదని లక్షను తీసివేయుట తగదు; వేతనముపోగా తాము నిజముగ కట్టిన సొమ్మునే చూపవలెను. ఒక్క రూపాయికి రెండుమారులు మినహాయింపు కోరుట పొరపాటు కాదు, దోషము. తల్లియు దండ్రియు నిరువురును ఉద్యోగులైనచో ఎవరెంత కట్టిరో ఆమేరకు రసీదులు వేర్వేఱుగ తీసికొని, గరిష్ఠము నిండని వారి పేర చూపుకొనుట వివేకము.

అప్పు చేసి చదువువారి విషయమున పేరు మఱింత ముఖ్యము. విద్యాఋణముపై కట్టిన వడ్డీని, ఎనిమిది సంవత్సరములవఱకు, గరిష్ఠము లేకుండ ఆదాయమునుండి తీసివేయుటకు 80ఇ అను నిబంధన పాతవిధానమున వీలు కల్పించుచున్నది. అది అప్పు తన పేర నుండి, వడ్డీ తాను కట్టినవానికే చెల్లును. అప్పు విద్యార్థి పేర నుంచి వడ్డీ తండ్రి కట్టుచున్నచో చిక్కు లేకపోలేదు. కావున బ్యాంకు కాగితముపై సంతకము చేయుటకు ముందే, రేపు వడ్డీ కట్టువా డెవడు, పన్ను కట్టువా డెవడు అని తండ్రియు బిడ్డయు కలిసి నిర్ణయించుకొనవలెను. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వ మామోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకమున, ఎన్నిక చేసిన యున్నతసంస్థలలో చేరిన విద్యార్థులకు కుటుంబాదాయము 8 లక్షలకు మించనిచో 10 లక్షల ఋణమువఱకు వడ్డీలో నూటికి మూడు తగ్గింపు కలదు. కాని యితర ప్రభుత్వవేతనమునకో వడ్డీరాయితీకో అర్హులైనవారికి ఈ తగ్గింపు వర్తింపదు. స్వల్పవేతనమునకు ముందుగ దరఖాస్తు చేసి పెద్దసాయమును పోగొట్టుకొనువారుందురు. ఏది యెక్కువ మేలో ముందు లెక్క చూడక, కంటికి కనబడిన దరఖాస్తునెల్ల నింపుట మంచిది కాదు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఈ లెక్కను మనకంటె శ్రద్ధగ చూచుకొనుచున్నవి. అచ్చట 2009 మొదలు అమలులోనున్న యొక రాయితీ వలన, కళాశాల చదువు మొదటి నాలుగు సంవత్సరములలో, కట్టిన రుసుములో తొలి 2,000 డాలర్లకు పూర్తిగను, తరువాతి 2,000 డాలర్లకు నాలుగవవంతును, వెరసి 2,500 డాలర్లవఱకు పన్నులోనే తగ్గును. బిడ్డ తల్లిదండ్రులపై నాధారపడియున్నచో రాయితీ తల్లిదండ్రులకే వచ్చును. రుసుమునకు వాడిన వేతనముపై విద్యార్థికి పన్ను లేదు. భోజనవసతులకు వాడినదానిపై పన్ను కలదు. వేతనపు నిబంధనలు సమ్మతించినచో, విద్యార్థి 4,000 డాలర్లను భోజనవసతులకు వాడినట్లు చూపి తన యాదాయమున చేర్చుకొనగా, ఆమేరకు రుసుము తల్లిదండ్రులు కట్టినట్లగును. వారికి 2,500 డాలర్ల రాయితీ దక్కును. విద్యార్థి యాదాయము స్వల్పమగుటచే అతనికి పడు పన్ను తఱచుగ స్వల్పమే. ఇది మోసము కాదు, చట్టమే చూపిన దారి. మఱియు దంపతుల యాదాయము 1,60,000 డాలర్లు దాటినప్పటినుండి ఈ రాయితీ మెల్లమెల్లగ తగ్గి 1,80,000 వద్ద ముగియును. మన హద్దువలె గోడ కాదది, మెట్లవరుస. మనము అనుకరింపదగినది ఈ మెట్లవరుసయే.

సొమ్ము ఎవరి చేతికి రావలెనను ప్రశ్నయు మన కండ్లయెదుటనే పరీక్షింపబడినది. పోలవరము ముంపు కారణముగ 2014లో భద్రాచలము ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున జేరినవి. అడవికి అటునిటు నున్న బంధువుల బిడ్డలు నేడు రెండు రాష్ట్రముల నిబంధనలకు లోబడియున్నారు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము జగనన్న విద్యాదీవెన యను పథకమున, రుసుమును 2021లో తల్లుల ఖాతాలలో జమచేయనారంభించెను. తల్లి కళాశాలకు పోయి బిడ్డ చదువును విచారించి రుసుము కట్టునను సదుద్దేశము కొనియాడదగినదే. కాని సొమ్ము కళాశాలకు ముట్టుటలేదని వివాదము పుట్టి, అదే సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు ఆ పద్ధతిని తప్పుబట్టెను. పిమ్మట 2023లో తల్లికిని బిడ్డకును ఉమ్మడిఖాతా తెఱువుడనిరి. కళాశాలకా, తల్లికా, బిడ్డకా యని సొమ్ము ఇట్లు చేతులు మారుచుండగా ఇబ్బంది పడినది విద్యార్థియే. షెడ్యూల్డు కులముల వేతనములో నూటికి అరువదిపాళ్లు కేంద్రము భరించి నేరుగ విద్యార్థి ఖాతాకే పంపునట్లు 2020 డిసెంబరులో నిర్ణయించిరి. పద్ధతి యేదైనను, తల్లిదండ్రులును బిడ్డయు ఆ సొమ్ము దేనికి వచ్చెనో యెఱిగి, ఆ పనికే వెచ్చించుట ముఖ్యము. రుసుమునకై వచ్చిన సొమ్ము ఎరువుల దుకాణమునకు బోయినచో, ఏడాది తుదిని సమాధానము చెప్పవలసినవాడు పరీక్ష వ్రాయవలసిన బిడ్డయే.

అన్నింటికన్న ఘోరమైనది ఆలస్యము. తెలంగాణమున రుసుము బకాయిలు పేరుకొనిపోగా, 2025 నవంబరు మొదటివారమున రాష్ట్రమందలి ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసికొనినవి. మన ఖమ్మము జిల్లా మధిర ప్రతినిధియు, ఉపముఖ్యమంత్రియు నైన శ్రీ మల్లు భట్టివిక్రమార్క సంప్రదింపులు జరిపి, కొంత సొమ్ము విడుదలకు మాట యిచ్చిన పిమ్మట అవి తెఱువబడినవి. ప్రభుత్వమునకును కళాశాలలకును జరుగు వివాదమున నలుగువాడు విద్యార్థి. బకాయి చెల్లువఱకు పట్టపు పత్రము లియ్యమను కళాశాల లున్నవి; పత్రము లేక ఉద్యోగమును పోగొట్టుకొను యువకు లున్నారు. అట్టివాని తండ్రి వడ్డీకి తెచ్చి కట్టిన రుసుము, తరువాత నెన్నటికో ప్రభుత్వమునుండి వచ్చినను, ఆ నడుమ కట్టిన వడ్డీని తిరిగి యిచ్చువా రెవరు? ఆలస్యముగ వచ్చు వేతనము వేతనము కాదు, వడ్డీవ్యాపారికి దారి చూపు దీపము.

ప్రభుత్వమును అడుగుటకు ముందు మా పాఠకులనే యొకమాట అడుగదలచితిమి. వ్యవసాయాదాయమునకు పన్ను లేదు గనుక దానికి లెక్కయు లేదు. తహశీలుదారు ఇచ్చు ఆదాయపత్రమే ప్రమాణము. పది పదునైదు ఎకరముల మాగాణి గలిగియు, లక్షలోపు ఆదాయమని పత్రము తెచ్చుకొనువారు లేరని యెవ్వరైన ఛాతీపై చేయి వైచుకొని చెప్పగలరా? వారు పొందిన ప్రతి రూపాయియు, అడవియంచున పోడు చేసికొను కోయబిడ్డకో, లంబాడీ బిడ్డకో అందవలసిన నిధినుండి తరుగుచున్నదే. నిధి కొఱతపడియే గదా బకాయిలు పేరుకొనుచున్నవి! హద్దు న్యాయము కాదని ఎలుగెత్తి చెప్పుటకు మనకు హక్కు కలదు. ఆ హద్దును అబద్ధముతో దాటుటకు హక్కు లేదు.

ప్రభుత్వములు చేయవలసినవి మాకు తోచినంతవఱకు ఇవి. ఆదాయపు హద్దును నేటి కూలిరేట్లకు తగినట్లు సవరించి, హద్దు దాటినవారికి సాయము ఒక్కమారుగ పోక మెట్లుగ తగ్గునట్లు చేయవలెను. రుసుము సొమ్మును విద్యాసంవత్సరములోపలనే చెల్లింపవలెను. చెల్లింపనిచో ఆ కారణమున విద్యార్థి పత్రములను పట్టియుంచరాదని శాసించి, ఆ శాసనమును అమలు జరుపవలెను. విద్యాఋణపు వడ్డీ మినహాయింపును నూతన పన్ను విధానమునందును కేంద్రము అనుమతింపవలెను. సంక్షేమశాఖవారి లెక్కయు, పన్నుశాఖవారి లెక్కయు విద్యార్థి పేర నొక్కపుటలో కనబడునట్లు చేసి, ఏ సాయము తీసికొన్న ఏది పోవునో దరఖాస్తుకు ముందే తెలుగులో తెలుపవలెను. గోదావరి జలమును కొండలెక్కించి తెచ్చి, ఏన్కూరు వద్ద సాగరు కాలువలో కలుపుటకు అనుసంధానకాలువ త్రవ్విన ప్రభుత్వమునకు, రెండు కార్యాలయముల లెక్కలను కలుపుట అంతకన్న కష్టమగునా?

ఇంటిలో జరుగవలసిన పని ఇంతకన్న సులభము. పరీక్షాఫలితములు వెలువడిన దినముననే తల్లి, తండ్రి, బిడ్డ ఒకచోట కూర్చుండి ఒక్క కాగితముపై నాలుగు మాటలు వ్రాసికొనవలెను: రుసుమెంత, వేతనమెంత వచ్చును, మిగిలినది కట్టువారెవరు, అప్పు చేసినచో అది ఎవరి పేర. ఆదాయపత్రము, కులపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా ఇవన్నియు వానలు పడకమునుపే సరిచూచుకొనవలెను. హాజరు నూటికి డెబ్బదియైదు తగ్గినచో వేతనము నిలిచిపోవునని బిడ్డ యెఱుగవలెను. బిడ్డ వేతనము ఇంటిఖర్చునకు కాదని పెద్దలు ఎఱుగవలెను. లెక్కలు దాచని యింటిలో బిడ్డకు బాధ్యతయు అలవడును. కొత్తగూడెమున గనుల పాఠశాలగ ఆరంభమైన విద్యాసంస్థ నేడు భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగ ఎదిగి మన ముంగిట నున్నది. చదువు మన యూరిదగ్గఱకు నడచివచ్చినది. రుసుము చీటి జూచి యే బిడ్డయు గడపలోపలనే నిలిచిపోకుండ చూచుట, ప్రభుత్వమునకును తల్లిదండ్రులకును ఉమ్మడి బాధ్యత. ఆ బాధ్యతను వచ్చు తొలకరికి ముందే ఇరువురును గుర్తింతురుగాక యని ఆశించుచున్నాము.